సమాధికో మనిషి

గోల్కొండ వైపు వెళ్లే సిటీ బస్సులో నా ముందు సీట్లో కూర్చున్న పెద్దావిడ కొంగుముడి విప్పి, ఆధార్ కార్డు తీసి కండక్టరుకి చూపిస్తూ "సెవెన్ టూంబ్స్ ఒక్కటియ్యి బిడ్డా" అంది. అతను మిషన్ మీద జీరో టికెట్టు కొట్టి చేతిలో పెట్టాడు. ఒళ్లో గోంగూర కట్టలు, కాళ్ల దగ్గర బియ్యం సంచి. ఆ చుట్టుపక్కల ఎక్కడో ఆవిడ ఇల్లు ఉండి ఉంటుంది. ఇంటికి పోతున్న మనిషి, ఇంటి గుర్తుగా చచ్చిపోయిన రాజుల గోరీల పేరు చెప్పింది. విన్నవాళ్లెవరూ తలెత్తి కూడా చూడలేదు. చావు మాటెత్తితే "శుభమా అని బయల్దేరుతుంటే ఆ మాటలేంటి" అని నోరు మూయించే జనమే ఆ స్టాపు పేరు పొద్దునా సాయంత్రమూ పలుకుతారు. నేనూ ఎన్నాళ్లనుంచో వింటున్న పేరే. ఆ రోజెందుకో మనసులోంచి పోలేదు. చచ్చిపోయిన మనిషి ఎన్నాళ్లకి బస్టాపు అవుతాడు? ఏడుపు ఎక్కడ అయిపోయి, చిరునామా ఎక్కడ మొదలవుతుంది?

ఆ తోటలోకి వెళ్లి చూస్తే ఉన్నవి ఏడు కావు. రాణులవి, కూతుళ్లవి, వైద్యులవి, సుల్తాను అబ్దుల్లా కొలువులో ఆడిన ప్రేమామతి, తారామతులవి, పేరు తెలియనివి ఎన్నో ఉన్నాయి. కానీ గద్దెనెక్కిన సుల్తానులని మాత్రమే లెక్కబెడితే ఏడు సరిగ్గా సరిపోతుంది. కుతుబ్‌షాహీ వంశానికి మూలపురుషుడు సుల్తాన్ కులీ 1543లో హత్యకి గురయ్యాడు. చేయించింది కొడుకు జంషీదేనని చరిత్రకారులు రాశారు. ఆ తండ్రీ ఆ కొడుకూ ఇద్దరూ ఈ తోటలోనే ఉన్నారు, పిలిస్తే పలికేంత దూరంలో. మధ్యలో జంషీద్ కొడుకు సుభాన్, పట్టుమని ఏడాది కూడా ఏలని పసివాడు. ఇంకాస్త అవతల మన కవులు మల్కిభరాముడని పిలుచుకున్న ఇబ్రహీం. అందరికన్నా ఎత్తుగా, 42 మీటర్లకి పైగా లేచింది హైదరాబాదు కట్టించిన మహమ్మద్ కులీ సమాధి. వీళ్లలో చాలామంది బతికి ఉండగానే తమ సమాధుల పని మొదలుపెట్టించుకున్నారట. ఆ పని చూసుకోవడానికి రాజుగారు సాయంత్రాలు వచ్చేవాడా? మేస్త్రీతో "ఆ గుమ్మటం ఇంకొంచెం పైకి లేపు" అనేవాడా? అన్నప్పుడు ఆయనకి ఏమనిపించేది? మనం ఇల్లు కట్టుకుంటూ పడకగది ఏ దిక్కున రావాలో చూసుకుంటాం, అంతే నిబ్బరంగా చూసుకున్నాడేమో.

అయితే గోల్కొండని ఏలినవాళ్లు ఎనిమిదిమంది. ఆ ఎనిమిదోవాడు అబుల్ హసన్ తానీషా ఈ తోటలో లేడు. 1687లో ఎనిమిది నెలల ముట్టడి తరవాత లోపలివాడే తలుపు తీస్తే కోట ఔరంగజేబు చేతికి చిక్కింది. తానీషాని దౌలతాబాదు కోటలో బందీగా పెట్టారు. సుమారు పన్నెండేళ్లు అక్కడే ఉండి, అక్కడే పోయాడు. పక్కనే ఉన్న ఖుల్దాబాదులో, షా రాజూ ఖత్తాల్ దర్గా ఆవరణలో పాతిపెట్టారు. 1707లో అహ్మద్‌నగర్ దగ్గర చనిపోయిన ఔరంగజేబుని కూడా తెచ్చి పాతింది ఆ ఖుల్దాబాదులోనే. ఊరు చిన్నది, సూఫీల దర్గాలతో నిండిన ఊరు. బంధించినవాడూ బందీ అయినవాడూ ఒకే ఊరి మట్టిలో కలిశారు. అది చాలదన్నట్టు, తరవాతి కాలంలో హైదరాబాదుని ఏలిన ఆసఫ్‌జాహీల మూలపురుషుడు మొదటి నిజాం కూడా 1748లో అక్కడికే చేరాడు. మన నగరం చరిత్ర రాయాలంటే ఎల్లోరా గుహల పక్కనున్న ఓ మహారాష్ట్ర ఊళ్లో సగం కాలం గడపాల్సి వస్తుంది.

ఔరంగజేబు గోరీ మీద గుమ్మటం లేదు, కప్పు లేదు. ఆకాశం కింద మట్టి. చుట్టూ ఉన్న పాలరాతి జాలీ ఆయన పోయిన రెండు వందల ఏళ్లకి కర్జన్ కాలంలో వచ్చింది. తాను టోపీలు కుట్టి సంపాదించిన నాలుగు రూపాయల రెండణాలతోనే తన అంత్యక్రియలు జరగాలని కోరాడని చెబుతారు. గోల్కొండ ఖజానాని ఊడ్చుకుపోయిన చక్రవర్తికి చివరికి నాలుగు రూపాయల రెండణాల గోరీ! ఇది వినయమా? లేక సమాధి వద్దనడంలో కూడా ఓ పట్టుదల ఉందా? నాకు ఎటూ తేలదు. తానీషా అయితే ఏమీ కోరుకునే స్థితిలో లేడు. ఆయన గోరీ చూడ్డానికి తెలుగువాళ్లు ఎవరూ పనిగట్టుకుని వెళ్లినట్టు నేను వినలేదు. కానీ ఆయన పేరు తెలియని తెలుగువాడు ఉంటాడా? రామదాసు కథలో తానీషా రామలక్ష్మణుల్ని కళ్లారా చూసినవాడు. గోపన్న చెరసాలలో ఏళ్ల తరబడి ఏడిస్తే కనబడని రాముడు, అర్ధరాత్రి బాకీ తీర్చడానికి ఈయన పడకగదికి వచ్చాడు. భద్రాచలం కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆనవాయితీ కూడా ఆయన పేరు మీదే చెబుతారు. హుస్సేన్‌సాగర్ గట్టు మీద 1980లలో విగ్రహాలు నిలబెట్టినప్పుడు రామదాసుకీ తానీషాకీ ఇద్దరికీ చోటిచ్చారు. ఎముకలు ఖుల్దాబాదులో, పేరు భద్రాచలంలో, బొమ్మ ట్యాంక్‌బండ్ మీద. మనిషి ఎక్కడున్నట్టు?

మా ఇంట్లో సమాధులు లేవు. తాతయ్య అస్థికలు కృష్ణలో కలిశాయి, నాయనమ్మవి కూడా అక్కడే. చిన్నప్పుడు నేను "తాతయ్య ఎక్కడున్నాడు" అని అడిగితే నాయనమ్మ గోడకున్న పంచాంగం వైపు చూసేది. ఆయనకి చోటు లేదు, తిథి ఉంది. ఆ తిథి వచ్చిన రోజున ఇల్లంతా తెల్లవారకముందే లేచేది. మడిబట్టలు, గారెల వాసన, పెరట్లో కాకి కోసం ఎదురుచూపు. కాకి ఆలస్యం చేస్తే పెద్దవాళ్ల మొహాల్లో కనిపించే కంగారు. ఆ ఒక్క పూట తాతయ్య వచ్చి, తిని, వెళ్లిపోయేవాడు. అందుకే కాబోలు, ఊరికి వెళ్తే కవుల సమాధి ఎక్కడుందని అడగడం నాకు చాలాకాలం తోచలేదు. విజయనగరం వెళ్తే గురజాడ ఇల్లు చూస్తాం. ఆయన కూర్చున్న చోటు, రాసిన చోటు. కాలిన చోటు ఏదని ఎవరూ అడగరు. మంటకి గుర్తు పెట్టే అలవాటు మనకి లేదు.

"మనకి" అని రాశాక ఒకసారి ఆగాల్సి వచ్చింది. ఎవరికి? మన ఊళ్లలో జంగాలు పూడుస్తారు, లింగాయతులు కూర్చోబెట్టి పూడుస్తారు. ముస్లింలు, క్రైస్తవులు సరే. దళితవాడల్లో చాలాచోట్ల పూడ్చడమే ఆచారం. సన్యాసులకి దహనం లేదు. పసిపిల్లలకీ లేదు. కాల్చి, నదిలో కలిపి, తిథి రాసుకునే పద్ధతి కొన్ని ఇళ్లది మాత్రమే. పుస్తకాలు రాసినవాళ్లలో ఆ ఇళ్లవాళ్లు ఎక్కువగా ఉండటంతో అది తెలుగువాళ్లందరి పద్ధతిలా కనబడుతూ వచ్చింది. అసలు సమాధుల మధ్య నిలబడి తెలుగులో అందరికన్నా గొప్పగా మాట్లాడిన కవి జాషువా. ఆయన స్మశానవాటి పద్యాలు హరిశ్చంద్ర నాటకంలోకి ఎక్కి, కాటిసీను వచ్చేసరికి నిద్రపోతున్న పల్లెని కూడా లేపి కూర్చోబెట్టాయి. హార్మోనియం శ్రుతి, పెట్రోమాక్స్ వెలుగు, "వన్స్‌మోర్" కేకలు. అంటరానితనానికి అక్కడ చోటు లేదని ఆ కవి అన్నాడు. జనం కళ్లు తుడుచుకున్నారు. తెల్లవారి ఎవరి శ్మశానానికి వాళ్లు వెళ్లారు. ఇవాళ్టికీ చాలా ఊళ్లలో కులానికో కాడు. కొన్ని వాడలకి అదీ లేక, శవాన్ని మోసుకుని చెరువు గట్టో పొలం గట్టో వెతుక్కోవాల్సిన పరిస్థితి. ప్రసిద్ధుల సమాధుల గురించి ఇంత తీరిగ్గా రాసుకుంటున్నప్పుడు అది గుర్తొస్తే కొంచెం సిగ్గుగా ఉంటుంది. ఆరడుగుల నేల దొరకడమే ప్రసిద్ధిగా మిగిలినవాళ్ల సంగతి ఏమిటి?

పూడ్చిన మనిషి కదలడు అనుకుంటాం గానీ, అదీ నిజం కాదు. థామస్ మన్రో కథ చూడండి. దత్తమండలాల్లో ఏళ్ల తరబడి గుర్రం మీద తిరిగి రైతుల శిస్తులు లెక్కగట్టినవాడు, తరవాత మద్రాసు గవర్నరయ్యాడు. ఉద్యోగం వదిలి స్వదేశానికి వెళ్లబోతూ, వెళ్లేముందు ఒక్కసారి ఆ సీమని చూసి వస్తానని బయల్దేరాడు. 1827 జులై 6న పత్తికొండలో కలరా వచ్చి ఒక్క రోజులో పోయాడు. గుత్తి కోట కింద పాతిపెట్టారు. నాలుగేళ్లకి ఆ అస్థికల్ని తవ్వి తీసి మద్రాసు తీసుకెళ్లి, సెయింట్ జార్జి కోటలోని చర్చిలో పెట్టారు. గుత్తిలో గుర్తు మిగిలింది, మనిషి లేడు. ఈ మన్రో గురించే మంత్రాలయంలో ఇంకో కథ చెబుతారు. మఠం భూముల తగాదా తేల్చడానికి వచ్చి, బూట్లు విప్పి బృందావనం ముందు నిలబడితే, 1671లో సజీవంగా అందులో ప్రవేశించిన రాఘవేంద్రస్వామి ఆయనొక్కడికే కనబడి మాట్లాడాడట. పక్కనున్నవాళ్లకి దొర ఒక్కడే తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు కనబడిందట. నమ్మేవాళ్లు నమ్ముతారు, నేను వాదించను. నాకు నచ్చేది ఆ దృశ్యం. సమాధితో మాట్లాడాడని పేరు పడ్డ మనిషికే చివరికి నిలకడైన సమాధి లేకపోయింది.

బ్రౌన్‌ది దీనికి తలకిందులు. ఆయన కదిలిందంతా బతికినప్పుడే. కలకత్తాలో పుట్టి, కడపలో తెలుగు నేర్చి, సొంత డబ్బుతో పండితుల్ని పెట్టుకుని, చెదలు తింటున్న తాళపత్రాల్ని రాయించి, వేమన్ని అచ్చెక్కించి, నిఘంటువు కట్టి, 1855లో లండన్ చేరాడు. 1884 డిసెంబరులో పోయాక కెన్సల్ గ్రీన్ శ్మశానంలో పూడ్చారు. ఆ శ్మశానంలోనే నవలాకారుడు థాకరే ఉన్నాడు. ఆయనా కలకత్తాలో పుట్టినవాడే. ట్రాలప్ కూడా అక్కడే. ఇంగ్లీషు సాహిత్యం చదివినవాళ్లు వాళ్లని వెతుక్కుంటూ వస్తారు. బ్రౌన్‌ని వెతుక్కుంటూ వచ్చేది మనవాళ్లే. లండన్ తెలుగువాళ్లు ఆయన సమాధి జాడ తీసి, అప్పుడప్పుడూ వెళ్లి పూలు పెడుతున్నారు. బ్రౌన్ చుట్టాలు కారు వాళ్లు, ఏమీ కారు. చేతికి ఒక నిఘంటువు అందుకున్నవాళ్లు, అంతే.

ఇక్కడికొచ్చేసరికి నాకు ఒక అనుమానం బలపడుతోంది. సమాధిని నిలబెట్టేది అందులో ఉన్నవాడి గొప్పతనమని మనం అనుకుంటాం. గొప్పతనానికి ఆ శక్తి ఉంటే కుతుబ్‌షాహీ గుమ్మటాల మీద రావిచెట్లు మొలిచేవి కావు. నిజాం దగ్గర ఫ్రెంచి పటాలాన్ని నడిపిన రేమండ్ 1798లో పోతే, మలక్‌పేట అవతల గుట్ట మీద సమాధి కట్టారు. ఆయనకి రాజ్యం లేదు, ఆయన పటాలాన్ని కూడా అదే ఏడాది ఇంగ్లీషువాళ్లు రద్దు చేయించారు. అయినా జనం ఆయన్ని మూసా రాం అనీ, మూసా రహీం అనీ తమవాణ్ణి చేసుకుని, చాలా తరాలపాటు ఆయన పోయిన రోజున దీపాలు పెట్టారు. ఇవాళ మూసారాంబాగ్ మెట్రో స్టేషన్లో దిగేవాళ్లకి ఆ సంగతి తెలియకపోవచ్చు. ఎవరో ఒకరు, ఏ బాధ్యతా లేనివాళ్లు, నూనె తెచ్చి పోయబట్టి ఆ పేరు అక్కడిదాకా వచ్చింది.

ఈ అనుమానానికి నా దగ్గరున్న పెద్ద సాక్ష్యం తెలుగునేల మీద లేదు. కావేరి ఒడ్డున తిరువయ్యారులో ఉంది. త్యాగయ్య 1847 జనవరి 6న, పుష్య బహుళ పంచమినాడు పోయాడు. అంతకు కొద్దిగా ముందు ఆపత్సన్యాసం తీసుకున్నాడు. అందువల్ల దహనం కాకుండా నది ఒడ్డున సమాధి అయ్యాడు. లేకపోతే ఆయనా మా తాతయ్యలాగే తిథిగా మాత్రమే మిగిలేవాడు. తిథీ చోటూ రెండూ దక్కాయి గానీ, చోటుని చూసేవాళ్లు లేకపోయారు. శిష్యులు కీర్తనలు పట్టుకుని తలో ఊరికీ వెళ్లిపోయారు. పాట బతికింది. దేశమంతా తిరిగింది. కచేరీల్లో డబ్బు తెచ్చింది. సమాధి మీద మాత్రం ముళ్లపొదలు పెరిగాయి. 1903 ప్రాంతంలో ఉమయాళ్‌పురం శిష్యులు వచ్చి కొంత బాగుచేశారు. తరవాత ఆరాధనలు మొదలయ్యాయి. ఆరాధనలతో పాటు వర్గాలూ మొదలయ్యాయి. పెద్ద కచ్చి ఒకటి, చిన్న కచ్చి ఒకటి. ఎవరు ముందు పాడాలి, ఎవరి అన్నదానం గొప్పది అని తగువులు. సమాధి చుట్టూ ఏటా అంత సందడి జరుగుతూ, సమాధి మాత్రం అలాగే ఉండటం ఎలా సాధ్యమైందో!

1921లో బిడారం కృష్ణప్ప అక్కడికి వెళ్లి చూసి, మద్రాసులో ఉన్న తన శిష్యురాలికి ఉత్తరం రాశాడు. ఆ శిష్యురాలు బెంగళూరు నాగరత్నమ్మ. దేవదాసి. పేరూ డబ్బూ నగలూ ఉన్న గాయని. అంతకు పదేళ్ల ముందే ఆమె ఇంకో పూడిపోయిన పేరుని బయటికి తీసింది. తంజావూరు కొలువులోని ముద్దుపళని రాసిన రాధికాసాంత్వనాన్ని, వీరేశలింగంగారు బూతని తిట్టి పక్కనపెట్టిన కావ్యాన్ని, పూర్తి పాఠం సంపాదించి 1910లో అచ్చువేయించింది. ప్రభుత్వం దాన్ని నిషేధించింది. 1947లో టంగుటూరి ప్రకాశం ఆ నిషేధం ఎత్తేసేదాకా అది చాటుమాటు పుస్తకమే. ఒకే మనిషి, కావ్యానికీ సమాధికీ ఒకే చేత్తో బూజు దులిపింది. త్యాగయ్య గురించి ఉత్తరం అందుకున్నాక ఆమె తిరువయ్యారు వెళ్లి చూసి, సమాధి చుట్టూ ఉన్న నేల సంపాదించి, నగలూ ఆస్తీ ఖర్చుపెట్టి గుడి కట్టించింది. 1926 జనవరిలో ప్రతిష్ఠ జరిగింది.

ఆ తరవాత జరిగింది చదివినప్పుడల్లా నాకు కోపం రావాలో నవ్వు రావాలో తెలియదు. తాను కట్టించిన గుడిలో, తన డబ్బుతో లేచిన గోడల మధ్య, ఆరాధన రోజున ఆమె పాడటానికి వీల్లేదన్నారు. ఆడవాళ్లు పాడే ఆచారం లేదట. అందులోనూ ఆమె కులం వాళ్లట. నాగరత్నమ్మ దెబ్బలాడుతూ కూర్చోలేదు, వెనక్కీ తగ్గలేదు. 1927 నుంచి సమాధి వెనక వైపు తనే ఇంకో ఆరాధన మొదలుపెట్టింది. ఆడవాళ్లు పాడారు, హరికథలు చెప్పారు. జనం దానికి ఆడవాళ్ల కచ్చి అని పేరు పెట్టారు. 1940 ప్రాంతానికి మూడు వర్గాలూ కలిసి ఒక్కటయ్యాయి. ఇవాళ టీవీల్లో చూస్తామే, వందలమంది ఆడా మగా నేలమీద కూర్చుని పంచరత్న కీర్తనలు గొంతు కలిపి పాడటం, అది అలా వచ్చింది. తమిళదేశం నడిబొడ్డున, కావేరి గాలిలో, తెలుగు రానివాళ్లు కూడా తెలుగులో ఏడుస్తారు ఆ పూట. ఆ పాటలన్నీ తమ భాషవని గర్వపడే మనలో ఎంతమందికి ఆమె పేరు తెలుసు? మన పాఠ్యపుస్తకాల్లో త్యాగయ్య ఉంటాడు, ఉండాలి కూడా. ఆయన సమాధిని ముళ్లలోంచి తీసిన మనిషికి ఒక్క వాక్యం ఖర్చయితే ఏం పోయింది?

ఆమె చివరి రోజులు తిరువయ్యారులోనే గడిచాయి. పోయాక అక్కడే, త్యాగయ్య సమాధికి ఎదురుగా ఆమెకి సమాధి కట్టారు. చేతులు జోడించి ఆయన వైపు చూస్తున్నట్టు ఆమె విగ్రహం ఉంటుంది. పుష్య బహుళ పంచమికి వెళ్లేవాళ్లు చాలామంది పంచరత్నాలు అయిపోగానే తంజావూరు బస్సు కోసం పరిగెడతారు. వాళ్లకి ఒక్క మనవి. ఆ తొందరలో అటు వీపు తిప్పి వెళ్లిపోకండి, రెండు నిమిషాలు ఆగండి. కుదిరితే జనవరిలో కాకుండా మే 19న వెళ్లండి. ఎండ మండిపోతుంది, కచేరీలుండవు, వేదికా ఉండదు. 1952లో నాగరత్నమ్మ పోయిన రోజు అది.